ఉబ్బసం సూది వెనుక నూరేళ్ళ చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు నెల రోజులుగా అడుగుతున్నారు. చరిత్ర అనగానే మన వైపు వారికి రామదాసు చెరసాల, ఖమ్మం ఖిల్లా గుర్తుకొస్తాయి. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు మనలోనే ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ శాఖలో ఫైళ్ళు మోసిన గుమాస్తాను. అందుకని నా ఒంటితో ముడిపడ్డ ఒక చరిత్ర రాస్తున్నాను. ఇది ఒక తాళంకప్ప చరిత్ర. ఆ తాళంకప్ప మనందరి ఊపిరితిత్తుల్లోనూ ఉంది. అది ఎలా ఉంటుందో కనిపెట్టడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

1986 వరద

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చిన సంగతి మన తరం వారెవరూ మరిచిపోలేరు. నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. వరద డ్యూటీ వేశారు. పునరావాస శిబిరంలో బియ్యం, కిరోసిన్ లెక్కలు చూసే పని. మూడు రోజులు తడిబట్టలతోనే తిరిగాను. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేపమందు మింగిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మూడో రాత్రి ఆయాసం అందుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్నాను, మాట పెగలడం లేదు. పిల్లికూతలు పక్క గదిలోకి వినపడుతున్నాయట.

శిబిరానికి వచ్చిన డాక్టరు గారు లాంతరు వెలుగులో నా జబ్బకు చర్మం కింద ఒక సూది వేశారు. అయిదారు నిమిషాలు గడిచాయో లేదో, రొమ్ము మీది బండరాయి ఎవరో తీసేసినట్టయింది. కానీ గుండె దడదడ కొట్టుకుంటోంది, చేతులు వణుకుతున్నాయి.

"ఇదేం మందు సార్?" అని అడిగాను.

"అడ్రినలిన్. కొత్తదేం కాదు, నీ ఒంట్లో ఊరేదే. భయపడ్డప్పుడు ఎక్కువ ఊరుతుంది" అన్నారు.

నాకు అంతకు కొన్నేళ్ళ ముందు జరిగింది ఒకటి గుర్తుకొచ్చింది. చర్ల వైపు ఒక గూడెం నుంచి సాయంత్రం పూట కాలిబాటన వస్తున్నాం. తునికి చెట్ల మధ్య ఎలుగుబంటి ఎదురైంది. నాతో వచ్చిన కోయ పెద్దాయన కదలకుండా నిలబడమన్నాడు. అది తన దారిన తాను పోయింది. అప్పుడూ ఇంతే. గుండె దడ, చేతుల వణుకు, ఊపిరి మాత్రం ఎన్నడూ లేనంత ధారాళం. ఉబ్బసం ఉన్నవాణ్ణని నాకే గుర్తు లేదు.

ఒకే పదార్థం గుండెకు పోయి పరుగెత్తమని, ఊపిరితిత్తులకు పోయి వదులు కమ్మని ఎలా చెబుతుంది? ఆ రాత్రి పుట్టిన ఈ సందేహం రిటైరైన తర్వాత గానీ తీరలేదు. ఫార్మసీ చదువుతున్న మా మనవరాలు ఓపికగా చెప్పింది. ఆమె చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

సూది మందు పుట్టుక

మన రెండు మూత్రపిండాల మీద చిన్న టోపీల్లాంటి గ్రంథులు ఉన్నాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. 1894, 1895 సంవత్సరాల్లో జార్జి ఆలివర్ అనే ఇంగ్లండు డాక్టరు, లండనులో ప్రొఫెసరుగా ఉన్న షేఫర్ గారు కలిసి, ఈ గ్రంథుల నుంచి తీసిన రసాన్ని జంతువులకు ఎక్కిస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుందని చూపించారు. ఆ రసంలో ఉన్న అసలు పదార్థాన్ని శుద్ధమైన స్ఫటికంగా వేరుచేసింది అమెరికాలో స్థిరపడిన జపాను రసాయనవేత్త జోకిచి తకమీనే, ఆయన సహాయకుడు కెయిజో ఉయెనక. 1901లో ఆ సంగతి ప్రకటించారు. అలా శుద్ధంగా చేతికి చిక్కిన మొట్టమొదటి హార్మోను అడ్రినలిన్. మరికొద్ది ఏళ్ళకే ఉబ్బసం రోగులకు ఈ సూది వేయడం మొదలైంది. నాకు వరదలో వేసిన సూది అప్పటికే దాదాపు ఎనభై ఏళ్ళ పాతదన్నమాట.

అసలు హార్మోను అన్న మాటే 1905లో పుట్టింది. లండనులో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త దాన్ని వాడుకలోకి తెచ్చారు. అదే 1905లో కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ గారు మరో ముఖ్యమైన మాట అన్నారు. మందు కండరం మీద ఊరికే పనిచేయదు, ఆ కణంలో దాన్ని అందుకునే పదార్థం ఏదో ఉండి తీరాలి అన్నారు. ఆ అందుకునే పదార్థాన్నే నేడు రిసెప్టర్ అంటున్నారు. తెలుగు పుస్తకాల్లో గ్రాహకం అని రాస్తున్నారు.

మన ఆఫీసు భాషలో చెబితే ఇలా ఉంటుంది. హార్మోను తపాలా కాగితం లాంటిది. రిసెప్టర్ ఇన్‌వార్డు కిటికీ. కాగితం ఊరంతా తిరగవచ్చు గానీ దాన్ని తీసుకునే కిటికీ ఏ ఆఫీసుకు ఉందో అక్కడే పని మొదలవుతుంది.

ఆల్ఫా, బీటా

1948లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే ఫార్మకాలజీ ప్రొఫెసరు ఒక విషయం గమనించారు. అడ్రినలిన్, దానికి దగ్గరి చుట్టాలైన మరికొన్ని పదార్థాలు తీసుకుని వేర్వేరు అవయవాల మీద ప్రయత్నించి, ఏది ఎక్కడ ఎక్కువ పనిచేస్తుందో వరుస కట్టారు. ఆ వరుసలు రెండు రకాలుగా తేలాయి. కనుక కిటికీలు రెండు రకాలు ఉండాలన్నారు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు. ఆ వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిప్పి పంపేసింది. వేరే పత్రికలో అచ్చయి, ఏళ్ళ తరబడి పట్టించుకునేవారు లేక ఉండిపోయింది.

పట్టించుకున్న వ్యక్తి స్కాట్లండుకు చెందిన జేమ్స్ బ్లాక్. గుండెలో బీటా కిటికీని మూసేస్తే గుండెకు విశ్రాంతి దొరుకుతుంది కదా అని ఆలోచించి, 1960ల్లో ప్రొప్రనొలాల్ అనే మందు తయారుచేశారు. మనలో చాలామంది రోజూ వేసుకునే అటెనొలాల్ వంటి బి.పి. బిళ్ళలు ఆ వంశంలోనివే. బ్లాక్ గారికి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

1967లో మరో అడుగు పడింది. బీటా కిటికీలు కూడా ఒకటి కాదు, రెండని తేలింది. బీటా-1 ముఖ్యంగా గుండెలో, బీటా-2 ముఖ్యంగా ఊపిరి గొట్టాల్లో. నా 1986 నాటి సందేహానికి సగం జవాబు ఇక్కడే దొరికింది. కాగితం ఒకటే, కిటికీలు వేరు, లోపల గుమాస్తాలు వేరు. గుండె ఆఫీసులో అది పరుగెత్తమనే ఉత్తర్వు అవుతుంది, ఊపిరితిత్తుల ఆఫీసులో వదులు కమ్మనే ఉత్తర్వు అవుతుంది. ఈ తేడాను పట్టుకుని బీటా-2 మీదనే ఎక్కువగా పనిచేసేలా ఇంగ్లండులో డేవిడ్ జాక్ బృందం చేసిన మందే సాల్బుటమాల్. 1969లో బజారులోకి వచ్చింది. మనం జేబులో పెట్టుకు తిరిగే నీలం రంగు పీల్చే డబ్బాలో ఉండేది అదే.

మన భీమవరం వారి పాలు

కిటికీలో కాగితం పడింది సరే, ఆ కాగితం లోపలికి పోదు. మరి ఉత్తర్వు లోపలికి ఎలా చేరుతుంది? ఈ సంగతి అమెరికాలో ఎర్ల్ సదర్లాండ్ 1950ల్లో కనిపెట్టారు. అడ్రినలిన్ వచ్చి బయట తగలగానే కణం లోపల చక్రీయ ఎ.ఎం.పి. అనే చిన్న పదార్థం తయారవుతుంది. లోపలి కబురు మోసేది అదే. ఈ పనికి ఆయనకు 1971లో నోబెల్ వచ్చింది.

ఆ చక్రీయ ఎ.ఎం.పి. దేనితో తయారవుతుందో తెలుసా? ఎ.టి.పి.తో. ఎ.టి.పి.ని 1929లో కండరాల్లో కనిపెట్టిన వారిలో ఒకరు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టారు. సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి కొన్ని రోజుల తేడాతో తీసుకుపోయింది. తనకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికారు. బోస్టను చేరి, చదువు సాగడం కోసం ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. 1948 ఆగస్టులో చనిపోయారు. ఆల్‌క్విస్ట్ వ్యాసం వచ్చింది ఆ సంవత్సరమే. నా ఒంట్లో ఉబ్బసం సూది పనిచేసిన ప్రతిసారీ సుబ్బారావు గారు కనిపెట్టిన పదార్థమే లోపల కబురుగా మారిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

బయటి కిటికీకీ లోపలి ఎ.టి.పి.కీ మధ్య తిరిగే అటెండరు ఒకడు ఉన్నాడు. వాణ్ణి జి-ప్రోటీన్ అంటారు. ఈ అటెండరును పట్టుకున్నందుకు మార్టిన్ రాడ్‌బెల్, ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ గార్లకు 1994లో నోబెల్ వచ్చింది.

ఉందా, లేదా?

ఇంత జరిగినా రిసెప్టర్‌ను చూసినవారు లేరు. 1973లో కూడా ఆల్‌క్విస్ట్ గారే, రిసెప్టర్లంటే తన మటుకు తనకు కనిపించిన ఫలితాలను వివరించడానికి చేసుకున్న ఊహ మాత్రమేనన్న అర్థం వచ్చేలా రాశారు. పేరు పెట్టినాయనకే నమ్మకం లేదు!

నమ్మినవాడు రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్. 1943లో న్యూయార్కులో పుట్టిన గుండె డాక్టరు. 1973లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరి, మందు అణువులకు రేడియోధార్మిక గుర్తు తగిలించి, అవి కణం మీద ఎక్కడ అంటుకుంటాయో లెక్కపెట్టారు. తర్వాత ఆ రిసెప్టర్‌ను కణాల నుంచి విడదీసి శుద్ధి చేయడానికి ఏళ్ళు పట్టింది. 1984లో ఆయన దగ్గరకు బ్రయన్ కోబిల్కా అనే కుర్ర డాక్టరు వచ్చాడు. మినెసోటా రాష్ట్రంలో లిటిల్ ఫాల్స్ అనే చిన్న ఊరివాడు. తండ్రి, తాత రొట్టెల భట్టీ నడిపేవారు.

1986 మే నెలలో వీరి బృందం, మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలతో కలిసి, బీటా-2 రిసెప్టర్ జన్యువును చదివి ప్రకటించింది. అది హాంస్టర్ అనే ఎలుకజాతి జంతువుది. మరుసటి సంవత్సరం మనిషిది కూడా వచ్చింది. మూడు నెలల తర్వాత అదే 1986లో నేను వరద శిబిరంలో ఆ సూది వేయించుకుంటున్నాను. ఆ జన్యువు సంగతి నాకు సూది వేసిన డాక్టరు గారికీ తెలిసి ఉండదు.

జన్యువు చదివితే ఆశ్చర్యం బయటపడింది. మన విస్తరి కుట్టేటప్పుడు పుల్ల ఆకులోకి దిగి, పైకి లేచి, మళ్ళీ దిగినట్టు, ఈ ప్రోటీను దారం కణం గోడలో నుంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరుతుంది. మన కంట్లో వెలుగును పట్టే రొడాప్సిన్ అనే ప్రోటీను కుట్టు కూడా ఇలాగే ఉంది. అంటే చూపుకూ, భయానికీ, ఊపిరికీ పనిచేసే కిటికీలన్నీ ఒకే వంశంవి. మనిషిలో ఈ వంశంవి దాదాపు 800 ఉన్నాయని తర్వాత తేలింది. నేడు వాడుకలో ఉన్న మందుల్లో సుమారు మూడో వంతు ఈ వంశం మీదనే పనిచేస్తాయి.

రూపం పట్టడం

అక్షరాలు తెలిశాయి గానీ ఆకారం తెలియలేదు. మనిషి బీటా-2 రిసెప్టర్‌లో 413 అమైనో ఆమ్లాలు దండలో పూసల్లా ఉంటాయి. ఆ దండ ఎలా మడతపడి, ఎక్కడ గుంట ఏర్పడి, మందు ఎలా కూర్చుంటుందో తెలియాలి. తాళంచెవి చేయాలంటే తాళంకప్ప లోపలి గాట్లు తెలియాలి కదా!

ఇంత సూక్ష్మమైన వస్తువును మామూలు మైక్రోస్కోపుతో చూడలేం. ఎక్స్ రే కిరణాలు వేసి, అవి చెదిరిన తీరును బట్టి రూపం లెక్కగట్టాలి. ఒక్క అణువు చెదరగొట్టేది లెక్కకు రాదు. శ్రీరామనవమి నాడు మన భద్రాచలం మిథిలా స్టేడియంలో ఒక్కడు రామనామం అంటే పక్కవాడికి వినపడదు. వేలమంది ఒకే వరుసలో, ఒకే గొంతుగా అంటే గోదావరి గట్టు దాకా వినపడుతుంది. అలాగే కోట్లాది అణువులను ఒకే వరుసలో నిలబెట్టాలి. అదే స్ఫటికం. పంచదార పాకంలో దారం వేలాడదీస్తే పటికబెల్లం కడుతుంది. ప్రోటీనును కూడా అలాగే కట్టించాలి.

కానీ ఈ ప్రోటీను కణం గోడలోని కొవ్వులో ఉండేది. కొవ్వులో నుంచి బయటకు తీస్తే చెడిపోతుంది. పైగా కుదురుగా ఉండదు, కిటికీ రెక్కలాగా ఊగుతూనే ఉంటుంది. ఊగేవాళ్ళను వరుసలో నిలబెట్టి ఫోటో తీయడం ఎంత కష్టమో మన సంఘం వార్షికోత్సవం గ్రూపు ఫోటో తీసినాయన్ని అడగండి.

కోబిల్కా 1989లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల పెట్టుకుని ఈ పని పట్టుకున్నాడు. ఏళ్ళు గడిచాయి, స్ఫటికం రాలేదు. ఇల్లు గడవడానికి వారాంతాల్లో ఆస్పత్రి అత్యవసర విభాగంలో డాక్టరుగా డ్యూటీ చేసేవాడు. 2000లో ఆవు కంటి రొడాప్సిన్ రూపాన్ని వేరే బృందం ప్రకటించింది. అది కంట్లో కావలసినంత దొరుకుతుంది, చీకట్లో కుదురుగా ఉంటుంది. మన బీటా-2 అలా కాదు. 2003లో ఒక పెద్ద సంస్థ ఇస్తున్న పరిశోధన నిధులు ఆగిపోయాయి. అయినా వదలలేదు. ఆయన భార్య టాంగ్ సన్ థియాన్ కూడా ప్రయోగశాలలో ఆయనతోపాటు పనిచేసింది.

చివరికి నాలుగైదు ఉపాయాలు కలిసొచ్చాయి. పురుగుల కణాల్లో మనిషి జన్యువు పెట్టి రిసెప్టర్‌ను ఎక్కువగా తయారుచేయించారు. కారజొలాల్ అనే మందును గుంటలో బిగించి ఊగకుండా చేశారు. ఎక్కువగా ఊగే ఒక మెలికను తీసేసి, దాని స్థానంలో సులభంగా స్ఫటికం కట్టే మరో గట్టి ప్రోటీనును అతికించారు. మరో పద్ధతిలో ఒక ప్రతిరక్షకం ముక్కను తగిలించి పట్టి ఉంచారు. 1996లో లాండా, రోజెన్‌బుష్ అనే ఇద్దరు కనిపెట్టిన టూత్‌పేస్టు లాంటి కొవ్వు ముద్దలో పెట్టి స్ఫటికం కట్టించారు. ఆ స్ఫటికాలు కంటికి ఆనవు. వాటి మీదకు వెంట్రుకకన్నా సన్నని ఎక్స్ రే కిరణాన్ని గురిపెట్టారు.

2007లో, అంటే నేను రిటైరు కావడానికి ఒక ఏడాది ముందు, మనిషి బీటా-2 రిసెప్టర్ రూపం ప్రపంచానికి తెలిసింది. కాలిఫోర్నియాలోని రేమండ్ స్టీవెన్స్ బృందం కూడా ఈ పనిలో భాగస్వామి. 2.4 ఆంగ్‌స్ట్రాంల స్పష్టత దొరికింది. ఒక ఆంగ్‌స్ట్రాం అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. మనిషి ఒంట్లో హార్మోను కబురు అందుకునే ఈ ఏడు మెలికల వంశంలో రూపం బయటపడిన మొదటిది ఇదే.

తెరుచుకుంటున్న కిటికీ

2007లో చూసింది మూసి ఉన్న కిటికీ. మందు బిగించి ఊగకుండా చేశారు కదా. తెరుచుకుని, అటెండరుకు కాగితం అందిస్తున్న క్షణం చూడాలి. దానికి మరో నాలుగేళ్ళు పట్టింది. రిసెప్టర్, జి-ప్రోటీన్ రెండూ కలిసి ఉన్న స్థితిని పట్టి నిలపడానికి లామా అనే జంతువు సాయపడింది. లామా దక్షిణ అమెరికాలో ఉండే ఒంటె చుట్టం. దాని రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలు చాలా చిన్నవి. బెల్జియంలో యాన్ స్టెయార్ట్ బృందం ఆ చిన్న ముక్కను తయారుచేసి ఇచ్చింది. అది చీలలాగా దూరి రెండిటినీ పట్టి ఉంచింది.

2011 జూలైలో ఆ రూపం వచ్చింది. బయట గుంటలో మందు కూర్చోగానే, లోపలి వైపు ఆరో మెలిక 14 ఆంగ్‌స్ట్రాంలు పక్కకు జరుగుతుంది. ఆ సందులోకి జి-ప్రోటీన్ తోక దూరుతుంది. అంతే, అటెండరు పరుగు మొదలు. మనం ఒక్క పీల్పు పీల్చగానే ఊపిరి గొట్టం వదులు కావడం వెనుక జరిగేది ఇదే.

2012 అక్టోబరులో లెఫ్‌కోవిట్జ్, కోబిల్కా గురుశిష్యులిద్దరికీ రసాయనశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. గురువు గారు చెవుల్లో బిరడాలు పెట్టుకుని నిద్రపోతుంటే ఫోను మోత వినపడలేదట, భార్య మోచేత్తో పొడిచి లేపింది. శిష్యుడేమో స్నేహితులెవరో వేళాకోళం చేస్తున్నారనుకున్నాడు. ఫోనులో మాట్లాడినవాళ్ళందరి స్వీడను యాస అంత బాగా ఉండేసరికి నమ్మాడట.

మన దేశం పాలు కూడా ఇందులో ఉంది. ఏ ప్రోటీను రూపం ప్రకటించినా అది సరిగ్గా ఉందో లేదో ఆడిట్ చేసే పటం ఒకటుంది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ గారి బృందం ఇచ్చిన పటం అది. ప్రపంచమంతా దాన్ని రామచంద్రన్ పటం అనే పిలుస్తుంది. హైదరాబాదులో 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి.లో అమితాభ ఛటోపాధ్యాయ గారు ఈ వంశంలోనిదే అయిన సెరొటోనిన్ రిసెప్టర్ మీద, కణం గోడలోని కొలెస్ట్రాల్ దాని పనిని ఎలా మారుస్తుందన్న విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. లెఫ్‌కోవిట్జ్ దగ్గర పనిచేసి వచ్చిన అరుణ్ శుక్లా గారు కాన్పూరు ఐ.ఐ.టి.లో ఈ రిసెప్టర్లనే పరిశోధిస్తున్నారు.

నా తప్పు ఒకటి

ఇదంతా మనకెందుకు అనుకునేవారి కోసం నా తప్పు ఒకటి చెబుతాను. 1990ల్లో నేను అశ్వారావుపేటలో పనిచేస్తున్నాను. ఆడిట్ వచ్చింది. ఒక రిజిస్టరు కనపడక కంగారు, గుండెదడ. పక్క సీటు మిత్రుడు, "నేను గుండెదడకు ఇదే వేసుకుంటా, ఒకటి వేసుకో, అరగంటలో తగ్గుతుంది" అని తన బిళ్ళ ఒకటి ఇచ్చాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. నేనూ మంచి మనసుతోనే మింగాను. గుండెదడ తగ్గింది. రాత్రి పదింటికి ఆయాసం మొదలైంది. నా పీల్చే డబ్బా ఎన్నిసార్లు నొక్కినా ఎప్పటిలా గుణం ఇవ్వలేదు. తెల్లవారుజామున జీపులో సత్తుపల్లి తీసుకెళ్ళారు. మా ఆవిడ దారి పొడవునా నా వీపు రాస్తూనే ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. ప్రాణం దక్కింది.

అక్కడి డాక్టరు గారు బిళ్ళ పేరు అడిగి తలపట్టుకున్నారు. అది ప్రొప్రనొలాల్. "ఉబ్బసం ఉన్నవాడివి ఇది ఎలా మింగావయ్యా?" అని కేకలేశారు. ఆ కోపానికి కారణం నాకు ఇరవై ఏళ్ళ తర్వాత మా మనవరాలు బొమ్మ గీసి చూపించినప్పుడు అర్థమైంది.

"తాతయ్యా, నువ్వు గుండె కిటికీ మూయడానికి మింగావు. అది ఊపిరితిత్తుల కిటికీ కూడా మూసేసింది. మందు గుంటలో ముందే కూర్చుంది. ఇక నీ డబ్బాలో మందుకు కూర్చోవడానికి చోటెక్కడిది?" అంది.

ఆమె కంప్యూటరులో ఆ రూపం చూపించింది. ఏడు మెలికలు, మధ్యలో గుంట, గుంటలో కారజొలాల్. అది కూడా మూసేసే మందుల జాతిదే. నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి నా ప్రాణం ఎక్కడ ఇరుక్కుపోయిందో ఆ చోటును నా కళ్ళతో నేను చూస్తున్నాను.

అందుకే మిత్రులకు రెండు మాటలు. మన పింఛనుదారులు కలిసినప్పుడు బిళ్ళలు మార్చుకోవడం ఒక అలవాటు. "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో" అనడం స్నేహమే గానీ క్షేమం కాదు. ఒకే బిళ్ళ ఒకరికి గుండెను కాపాడుతుంది, మరొకరికి ఊపిరి బిగిస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, కంటి చుక్కల మందు కోసం వెళ్ళినా సరే, ఉబ్బసం ఉన్న సంగతి ముందే చెప్పండి. నీటికాసులకు వేసే కొన్ని చుక్కల్లో కూడా ఈ మూసేసే జాతి మందు ఉంటుంది. ఇక గుండెకు, బి.పి.కి డాక్టరు రాసిన బిళ్ళను ఈ వ్యాసం చదివి మీ అంతట మీరు మానేయకండి. అదీ ప్రమాదమే. వెళ్ళి అడగండి.

రెండోది, నీలం డబ్బా మాటిమాటికీ నొక్కడం. కిటికీ దగ్గర రోజంతా గోల చేస్తే గుమాస్తా ఏం చేస్తాడు? రెక్క మూసి లోపలికి పోతాడు. రిసెప్టర్ కూడా అంతే. ఆ మూసే ప్రోటీనును కనిపెట్టింది కూడా లెఫ్‌కోవిట్జ్ బృందమే, దాని పేరు బీటా-అరెస్టిన్. అందుకే ఆ ఒక్క డబ్బా మీదనే ఆధారపడవద్దని, వాపు తగ్గించే పీల్చే మందు కూడా వాడాలని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు.

ముగింపు

1894లో ఆలివర్ మొదలుపెట్టిన ఫైలు 2011లో కోబిల్కా బల్ల మీద ఒక కొలిక్కి వచ్చింది. 117 సంవత్సరాలు. మధ్యలో జపాను వారు, ఇంగ్లండు వారు, భీమవరం వారు, మద్రాసు వారు, బెల్జియం వారు, చివరికి ఒక లామా కూడా తమ వంతు నోటు రాసి పై బల్లకు పంపారు. కొందరికి బహుమతులు వచ్చాయి, ఎక్కువమందికి రాలేదు. సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు. మనం కూడా ఎన్నో ఫైళ్ళ మీద నోట్లు రాశాం. ఆఖరి ఉత్తర్వు చూడకుండానే బదిలీ అయ్యాం, రిటైరయ్యాం. మన నోటు లేకుండా ఆ ఫైలు కదిలేది కాదన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

2022 జూలైలో గోదావరి మళ్ళీ భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. తేమకు ఆయాసం వచ్చింది. డబ్బా తీసి రెండు పీల్పులు పీల్చాను. ఏడు మెలికల్లో ఆరోది పక్కకు జరిగి ఉంటుంది. ఊపిరి ఆడింది.

అందరూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటూ, సెలవు.